సారయ్య ఇంక దిగలే

ఆ ఎండాకాలం మా బాపును కోరుట్ల నుంచి సిరిసిల్లకు తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానంటే నేనుగా పోయి తెచ్చుకోలేదు. మా తమ్ముడు సతీశ్ కారులో తీసుకొచ్చి, బట్టల సంచీ మందుల సంచీ మంచం మీద పెట్టి, "ఇన్నేండ్లు నేను సూసిన, ఇగ నువ్వు సూడన్నా" అని వెళ్లిపోయాడు. న్యాయమే. వాడు మాట్లాడే ప్రతి మాటా న్యాయంగానే ఉంటుంది. అందుకే వాడంటే నాకు గిట్టదు.

మా బాపు పేరు సారయ్య. కోరుట్ల అవతల మా ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. మోకాళ్లు మొరాయించేదాకా ఎక్కాడు. తర్వాత చెట్లూ పోయాయి, ఆయన మతీ పోయింది. జగిత్యాల డాక్టరు తలకాయకు ఫోటో తీయించి చూసి, ఇది తగ్గే జబ్బు కాదు, కింద పడకుండా కనిపెట్టుకోండి అని పంపించాడు. ఇప్పుడు ఆయనకు మేమెవరమూ తెలియదు. నా భార్య భాగ్యను "అవ్వా" అంటాడు. నన్ను ఊరి ఆసామిని పిలిచినట్టు "పటేలా" అంటాడు. బతుకంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నిలబడి కాళ్లు వాపెక్కిన నన్ను పటేలా అని పిలిచినవాడు లోకంలో మా బాపు ఒక్కడే. అది కూడా మతి పోయిన తర్వాత.

మేం మొగిలవ్వ ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. ఇంటి వెనక ఖాళీ జాగాలో ఒక సెల్ టవర్ ఉంది. బాపు వచ్చిన రోజు పొద్దుగూకే వేళ నేను సాంచాల షెడ్డు నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద లేడు. టవర్ చుట్టూ కట్టిన ఇనుప జాలీ పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి మీదికి చూస్తున్నాడు. భాగ్య పక్కన నిలబడి బతిమాలుతోంది.

"లోపటికి రా మామా. జొన్న గటక సల్లారిపోతాంది."

"వాణ్ణి దిగనియ్యవ్వా."

"ఎవలు దిగాలె?"

"సారయ్య. ఇంక దిగలే."

"సారయ్యంటే నువ్వే గద మామా."

బాపు ఆమె వైపు జాలిగా చూశాడు. "నేను ఈడున్న గదవ్వా. వాడు మీదున్నడు." మళ్లీ మెడ ఎత్తి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టి కేకేశాడు. "సారన్నా, దిగినవా?"

ఆ కేక నాకు తెలుసు. మా ఊరి గౌండ్లోళ్లల్లో, అంటే కల్లు గీసేవాళ్లల్లో, ఒక పద్ధతి ఉండేది. చెట్టు మీద ఎవడికి వాడే ఒంటరి, జారితే పట్టుకునేవాడు ఉండడు. అందుకని ముందు దిగినవాడు ఇంటికి పోడు. కింద నిలబడి మీదున్నవాణ్ణి "దిగినవా" అని అడుగుతాడు. మీదివాడు "దిగుతున్ననే" అనాలి. వాడు నేల మీద కాలు పెట్టేదాకా కిందివాడు మంచినీళ్లు కూడా ముట్టడు. చిన్నప్పుడు సద్ది పట్టుకుపోయి నేను కళ్లారా చూశాను. ఊరిని మరిచిపోయి, కన్న పిల్లల్ని మరిచిపోయి, చచ్చిపోయిన తన భార్యను, మా అవ్వను కూడా మరిచిపోయి, ఈ ఒక్కదాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"దిగిండు బాపు. ఇంటికి వోయిండు" అన్నాను.

"గట్ల అబద్ధాలాడకు పటేలా. దిగితే నాకు గనపడడా?"

కాళ్లు గుంజి కూలబడేదాకా అక్కడే ఉన్నాడు. ఎత్తుకొచ్చి పడుకోబెట్టాం. తినలేదు. తెల్లారి ఏమీ గుర్తులేనట్టు గంజి తాగాడు. పొద్దు వాలేసరికి మళ్లీ జాలీ దగ్గర ఉన్నాడు. ఇక రోజూ ఇదే.

సాంచాల చప్పుడులో ఫోన్ మోగినా వినబడదు. ఎండలు ముదిరిన తర్వాత ఒకనాడు భాగ్య చెప్పుల్లేకుండా షెడ్డులోకి ఉరికొచ్చి నా భుజం పట్టి ఊపింది. నోటితో చెబుతోంది, నాకు వినబడటం లేదు. చెయ్యి మీదికి ఎత్తి చూపింది. అర్థమైపోయింది.

టవర్ రిపేరుకు వచ్చినవాళ్లు గేటు మూయకుండా పోయారు. బాపు దండెం మీది భాగ్య చీర తీసి, పెనవేసి, దాన్ని తన నడుముకూ టవర్ ఇనుప కాలికీ కలిపి మోకులాగా చుట్టుకున్నాడు. మోకంటే చెట్టెక్కేటప్పుడు గీసేవాడు నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే లావుపాటి తాడు. మోకాళ్లు పనిచేయని మనిషి నిలువెత్తుకు పైగా ఎక్కి అక్కడ ఆగిపోయాడు. కింద మొగిలవ్వ తల పట్టుకుని నిలబడింది.

"ఓ గౌండ్లాయినా, గది చెట్టు గాదే, కరెంటుది. దిగు" అంటోంది.

"ఎవలిదో గని చెట్టును మంచిగ సాకలే" అన్నాడు బాపు పైనుంచి. "ఒక్క మట్ట గూడ సక్కగ లేదు."

నేను ఎక్కి ఆయన కాళ్లు రెండూ కావలించుకున్నాను. ఎముకలు తప్ప ఏమీ లేవు. అంగుళమంగుళం కిందికి దించుతుంటే నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "నన్నైతే దించుతున్నవ్ పటేలా. వాణ్ణెవలు దించుతరు?"

ఆ సాయంత్రం మొగిలవ్వ మా గడపలో కూర్చుంది. "దేవేందరూ, నీ బాపు మీద నాకు పగ లేదు. నా పెనిమిటి పోయేముందు ఇంతకన్న ఎక్కువ సతాయించిండు. గని రేపు ఆడికెళ్లి వడ్డడనుకో, పోలీసులు ముందు నా ఇంటికే వస్తరు. నెల ఒడిసేదాక సూస్త. ఆయిననన్న పంపు, లేకుంటె మీరన్న ఇల్లిడిసి లేవుండ్రి."

సతీశ్‌కు ఫోన్ చేస్తే వాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కరీంనగర్ పక్కన ముసలోళ్ల ఆశ్రమం ఒకటి చూసి పెట్టాడట.

"ఆడ గేటుంటదన్నా. సూసుకునే మనుషులుంటరు."

"ఈడ మేము మనుషులం గాదార?"

"నువ్వు సాంచాల కాడుంటవ్. వదినె ఒక్కతి ఏం జేస్తది జెప్పు. నెలాఖరు ఐతారం కారు తీసుకొస్త."

మళ్లీ న్యాయమే. ఫోన్ పెట్టేశాను.

ఈలోగా సాయంత్రాలు బయటి నుంచి తాళం వేయడం మొదలుపెట్టాం. నేనే వేసేవాణ్ణి. లోపల నుంచి బాపు గట్టిగా కొట్టేవాడు కాదు. అరచేత్తో మెల్లగా తట్టేవాడు. "పటేలా, తలుపు తియ్యవా. మనిషి మీదున్నడు." తిట్టినా బాగుండేది. ఆ మర్యాదే నన్ను నిలువునా కోసేది. నేను బయట అరుగు మీద కూర్చుని, వినబడనట్టు బీడీ కాల్చేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా బిడ్డ శ్రీజ హైదరాబాద్ నుంచి వచ్చింది. అది బొమ్మల సినిమాలు తీసే చదువు చదువుతోంది. బిడ్డను చదివిస్తే టీచరో నర్సో అవుతుందని నేననుకుంటే, అది కంప్యూటర్ మీద మనుషుల్ని గీసి నడిపిస్తానంది. ఏడో తరగతితో బడి వదిలేసినవాడిని, నాకేం తెలుసు, సరేనన్నాను. ఆఖరి ఏడాది పరీక్షకు ఒక చిన్న సినిమా తీయాలట. తీసేసింది. పాటొకటి అయ్యేంతసేపు నడుస్తుంది.

"తాత మీదనే తీసిన డాడీ" అంది. "మీకే ముందు సూపిస్త."

ఆ సాయంత్రం తాళం వేయకుండా, తలుపుకు అడ్డంగా నేను కూర్చుని, బాపును మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు మీద లాప్‌టాప్ పెట్టాం.

నల్లటి చీకటి మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. ఒక మనిషి తాటిచెట్టు ఎక్కుతుంటాడు. ముఖం గీయలేదు, మనిషి మాత్రం మా బాపే. ఎక్కుతున్నకొద్దీ చెట్టు పక్కన ఒక్కొక్కటి వెలుగుతుంది. ఒకచోట పెండ్లి పందిరి. ఒకచోట ఉయ్యాల. ఒకచోట సద్ది పట్టుకుని పైకి చూస్తున్న పిల్లవాడు. అది నేనేనని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన పైకి పోయేకొద్దీ కిందివన్నీ చిన్నవై ఆరిపోతాయి. చుట్టూ చెట్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. చివరికి ఆ ఒక్క చెట్టు, కొసన మట్టల మధ్య ఆ ఒక్క మనిషి, చుట్టూ చుక్కలు. ఎక్కడో పిల్లనగ్రోవి. అయిపోయింది.

భాగ్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను బీడీ కోసం జేబు తడుముకున్నాను.

బాపు లేచాడు. "దిగలే" అన్నాడు. "సూసిండ్రా, నేను సెప్పిన గద, వాడు ఆణ్ణే ఉన్నడు." నన్ను తోసుకుని తలుపు వైపు వచ్చాడు. ఆ రోజు ఆయన్ని పట్టుకోవడానికి ముగ్గురం సరిపోలేదు. పడుకోబెట్టేసరికి మా అందరి చేతుల మీద గీతలు పడ్డాయి.

తెల్లారి శ్రీజ మీద కోపం తీర్చుకున్నాను.

"గిదేం సినిమా బిడ్డా? మనిషిని మీద ఇడిసిపెట్టి వచ్చినవ్."

"కథనే అది డాడీ. గుర్తులన్ని ఒక్కటొక్కటే ఆరిపోయినయ్. ఒక్కడే ఉన్నడు. మా సార్లకు గా ఎండింగే నచ్చుతది."

"నీకేమే, డబ్బ మూసి పండుకుంటవ్. నీ సార్లు గూడ పంటరు. ఆయినె పండడు గద. ఎక్కిచ్చినవ్, దించు."

"దించితే కథ పోతది."

"పోతె పోనీ."

అది విసురుగా లోపలికి పోయింది. మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. ఉపాయం దొరికిందట. ఎక్కిన బొమ్మల్నే తిరగేసి నడిపిస్తే దిగినట్టు ఉంటుందట. సాయంత్రం మళ్లీ స్టూలు వేశాం.

తిరగేసి నడిపింది. మనిషి కిందికి వస్తున్నాడు, వీపు వెనక ఎవరో గుంజుతున్నట్టు. మధ్యలో ఒకచోట లొట్టిలోకి కారిన కల్లు, ఆ చిన్న కుండలోంచి లేచి మళ్లీ చెట్టులోకి పోయింది.

బాపు ముందుకు వంగి చూశాడు. "కల్లు సెట్టుకు వోస్తాండేందవ్వా వీడు?" అన్నాడు. ఇక నవ్వు మొదలుపెట్టాడు. భుజాలు ఎగిరేలా, దగ్గు వచ్చేలా నవ్వాడు. "గీ లెక్కన మనూరోళ్లు ఏం తాగాలె? తాగిందంత కక్కి సెట్టుకు వొయ్యాల్నా?" భాగ్య నవ్వింది, శ్రీజ నవ్వింది, కిటికీలోంచి చూస్తున్న మొగిలవ్వ కూడా నవ్వింది. బాపు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

నవ్వడం అయిపోయాక ముఖం తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "వాడు మన సారయ్య గాదు" అన్నాడు. తలుపు వైపు నడిచాడు. నేను తాళం వేశాను.

నెలాఖరు దగ్గరికొచ్చింది. శ్రీజ నాతో మాట్లాడటం మానేసింది, కానీ తాత చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే వాకిట్లో వింత కనబడింది. శ్రీజ వరండా గుంజకు దుప్పటి చుట్టి తన నడుముకు కట్టుకుంది. బాపు ఎదురుగా పీట మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఎట్ల దిగాలె తాతా?"

"కడుపు సెట్టుకు ఆనియ్యకు. ఎనుకకు ఒరుగు."

"పడిపోతనేమో."

"పడవు. మోకును నమ్మాలె బిడ్డా. నమ్మకుంటనే పడుతరు." లేచి, మోకాళ్లు పట్టుకుంటూ దాని దగ్గరికి పోయి, దాని పాదాన్ని రెండు చేతులతో పట్టి గుంజ మీద ఒక దగ్గర పెట్టాడు. "గిట్ల. ముందు కాలు. కాలు కుదిరినంక మోకు. దిగేటప్పుడు లొట్టి నిండుగుంటది, నడుముకు కొట్టుకుంటది. అందుకని జర పక్కకు ఒరగాలె."

"తొందరగ దిగాలనిపిస్తదా తాతా?"

బాపు ఆలోచించాడు. "కిందికెళ్లి మనోడు పిలుస్తె అనిపిస్తది" అన్నాడు.

గోడకు ఆనించిన ఫోన్‌లో అదంతా ఎక్కుతోందని నేను తర్వాత గమనించాను. ఆ రోజు నుంచి శ్రీజ గదిలోంచి బయటికి రాలేదు. భాగ్య అన్నం కంచం లోపలికి ఇచ్చేది. కరెంటు పోయినప్పుడు కూడా కాగితాల మీద గీస్తూ కనబడేది. ఒక్కొక్క అడుగుకు ఎన్ని బొమ్మలు గీయాలో నాకు అప్పుడే తెలిసింది. అంత పని నేను సాంచాల మీద కూడా చేయలేదు. ఆ మాట శ్రీజకు చెప్పలేదు.

సతీశ్ వచ్చే రోజు పొద్దున అది నన్ను గదిలోకి పిలిచి తలుపు మూసింది. ఫ్యాన్ ఆపేసింది.

"ఒక్క మాట జెప్పాలె డాడీ. 'దిగుతున్ననే' అని."

"నేనెందుకు? నీ సార్లను జెప్పుమను."

"నీ గొంతు, తాత గొంతు ఒక్కతీరుంటదని మమ్మీ అన్నది. తాత ఇప్పటి గొంతు గాదు, అప్పటిది."

సాంచాల చప్పుడులో అరిచి అరిచి పాడైపోయిన గొంతు నాది. మామూలుగా మాట్లాడినా కొట్లాటలాగే ఉంటుందని భాగ్య అంటుంది. చెప్పాను. శ్రీజ తల అడ్డంగా ఊపింది.

"కొట్లాటకు మీదికి పిలిచినట్టుంది."

మళ్లీ చెప్పాను. "అలిగినట్టుంది" అంది. చెమటలు కారుతున్నాయి. లేచిపోదామనుకున్నాను. అప్పుడు మెల్లగా అడిగింది. "నువ్వు సద్ది తీసుకపోయినప్పుడు తాత మీదికెళ్లి ఎట్ల అనేది డాడీ?"

కళ్లు మూసుకున్నాను. ఎట్లా అనేవాడో గుర్తొచ్చింది. ఆకలితో ఉన్న మనిషి, పని అయిపోయిన మనిషి, కింద తన కోసం నిలబడ్డవాళ్లున్నారని తెలిసిన మనిషి అన్నట్టు అనేవాడు. అట్లాగే అన్నాను. శ్రీజ ఫోన్ పక్కన పెట్టి ఫ్యాన్ వేసింది.

సతీశ్ పొద్దు వాలుతుండగా వచ్చాడు. కారు వీధిలో ఆపి లోపలికి వచ్చి, "సంచులు సదిరిండ్రా?" అని అడిగాడు. బాపు బట్టల సంచిని భాగ్య గడప దగ్గరే పెట్టింది. బాపు అప్పటికే లేచి తలుపు వైపు చూస్తున్నాడు. తట్టడానికి చెయ్యి ఎత్తుతున్నాడు, తలుపు తెరిచే ఉన్నా.

"ఒక్క నిమిషం ఆగు బాబాయ్" అంది శ్రీజ. తాతను మంచం మీద కూర్చోబెట్టి లాప్‌టాప్ తెరిచింది.

అదే చీకటి, అవే తెల్లటి గీతలు. కొస మీద అదే మనిషి, అవే చుక్కలు. పిల్లనగ్రోవి ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. బొమ్మ కదలడం లేదు. పాడైందేమోనని నేను శ్రీజ వైపు చూశాను. అది తాత ముఖం వైపు చూస్తోంది.

బాపు మంచం పట్టె మీద ముందుకు జరిగాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"సారన్నా, దిగినవా?"

శ్రీజ ఒక మీట నొక్కింది, ఆ చుక్కల మధ్య నుంచి జవాబు వచ్చింది. "దిగుతున్ననే."

నా గొంతని నాకే అనిపించలేదు. సతీశ్ ఉలిక్కిపడి లాప్‌టాప్ వైపు, తర్వాత నా వైపు చూశాడు.

మనిషి దిగడం మొదలుపెట్టాడు. కడుపు చెట్టుకు ఆనకుండా, వెనక్కి ఒరిగి. ముందు కాలు, తర్వాత మోకు. నిండు లొట్టి నడుముకు తగులుతుంటే పక్కకు ఒరుగుతూ. తొందర లేదు. మేమంతా అట్లాగే చూస్తూ ఉండిపోయాం. బాపు కాలి బొటనవేలు కూడా నేల మీద కదులుతోంది, ఒక్కొక్క అడుగుకూ. చివరికి ఆ మనిషి కాలు నేలకు తాకింది. మోకు విప్పి భుజాన వేసుకున్నాడు. నడుచుకుంటూ తెర పక్క నుంచి వెళ్లిపోయాడు. చెట్టు ఒక్కటే మిగిలింది.

బాపు లాప్‌టాప్ పక్కకు వంగి, ఆయన పోయిన దిక్కు గోడ వైపు చూశాడు.

"దిగిండు" అన్నాడు.

గట్టిగా ఊపిరి వదిలి, కాళ్లు రెండూ మంచం మీదికి లాక్కున్నాడు. "అవ్వా, తిననీకి ఏమన్నున్నదా? ఆకలైతాంది."

భాగ్య గటక తెచ్చింది, మామిడికాయ తొక్కు వేసింది. వేళ్లు నాకి మరీ తిన్నాడు. సతీశ్ గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి గడప దగ్గరి సంచి తీసి, తనే లోపలి కొక్కేనికి తగిలించాడు. "రేపు గూడ గిట్లనే ఉంటడా అన్నా?" అని అడిగాడు.

"రేపు గూడ దించుదాం" అన్నాను.

ఇప్పటికీ దించుతూనే ఉన్నాం. కాలేజీకి శ్రీజ మొదటి సినిమానే పంపింది. ఏదో పెద్ద ఊళ్లో తెర మీద వేశారట, మెచ్చుకున్నారట. చూడటానికి అదే బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. రెండోది మా ఇంట్లోనే ఆడుతుంది, పొద్దు వాలగానే. మొగిలవ్వ గోడ మీది నుంచి "ఇయ్యాల దిగిండా?" అని అడుగుతుంది. దిగిండంటే తన పనికి తాను పోతుంది. మమ్మల్ని లేవమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ మొదటి రోజు బాపు తిన్నాక నా వైపు చూశాడు. నేను ఇంకా తలుపు దగ్గరే కూర్చున్నాను, అలవాటు కొద్దీ.

"పటేలా, నువ్వింక ఈణ్ణే ఉన్నవా?" అన్నాడు. "అందరు దిగిండ్రు. ఇగ నువ్వు గూడ ఇంటికి పోరాదు. నీ కోసం సూస్తుంటరు."

"పోతున్న" అన్నాను.

నేను కదిలేదాకా పడుకోడని తెలుసు. లేచి గడప దాటాను. ఆయన చూస్తున్నాడేమోనని ఆగకుండా వీధి మలుపు దాకా నడిచాను. షెడ్లలో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. చాలా రోజుల తర్వాత నాకు కూడా ఆకలేసింది.

మలుపులో మొగిలవ్వ ఎదురైంది. "ఏడికి వోతున్నవ్ దేవేందరూ?"

"ఇంటికవ్వా."

"నీ ఇల్లు ఎనుకకున్నది గదరా."

"ఔ" అన్నాను. "ఆయినె పండుకున్నంక పోత."